మొదలుపెట్టిన మొహం

హలో… ఆ, నేనే, మీ వదిననే. పొరపాటున నొక్కుకుపోలేదు, కావాలనే చేశా. నాలుగుసార్లు చేశా.

…ఎవరికీ ఏమీ కాలేదు. మీ అమ్మ నిక్షేపంలా ఉంది. పొద్దున టీలో పంచదార తక్కువైందని ఇరుగూ పొరుగూ వినేలా చెప్పింది. అంత నిక్షేపంగా ఉంది.

…నేనా? నేనూ బానే ఉన్నా. సెలూన్ నడుస్తోంది. కుర్చీ దగ్గర ఇప్పుడు నేనే.

…అవును, నేనే. నవ్వితే నవ్వు. మొదట్లో నా చేతికి మొహం ఇవ్వడానికి జంకారు, ఇప్పుడు బెంచీ మీద వరసలో కూర్చుంటున్నారు. ఇన్నేళ్ళు మీ అన్నయ్య పక్కన నిలబడి తువ్వాళ్ళు అందించినదాన్ని. కళ్ళు మూసుకుని అందించాననుకున్నావా?

సరే, అది కాదు విషయం. నీతో ఒక పని పడింది. కాదనకూడదు.

…ముందు సరే అను, తర్వాత చెప్తా.

…డబ్బు కాదయ్యా బాబూ. నాక్కావాల్సింది నీ మొహం.

…మొహం. ఆ, మొహమే. కళ్ళూ ముక్కూ మూతీ ఉంటాయే, అది.

…ఎందుకంటే… నీ షాపులో ఎవరైనా ఉన్నారా ఇప్పుడు?

…భోజనాల వేళ కదా, ఎవరూ ఉండరనే ఇప్పుడు చేశా. షట్టరు సగం దించి కూర్చో. చెప్తా.

మీ అమ్మకి చూపు తగ్గిందని, కథలు వినడానికి మీ అన్నయ్య ఒక ట్యాబ్ కొన్నాడు. నీకు తెలియదు, నువ్వు పోట్లాడి వెళ్ళిపోయిన తర్వాత కొన్నాడు. అందులో కథలు ఊరికే రావు, ఒక్కోటీ కొనుక్కోవాలి. కొన్నాడు. అవే పుస్తకాలైతే బీరువా తలుపు మూతపడేది కాదు, అన్ని కొన్నాడు. ఆ ఖాతాకి ఇప్పుడు తాళం పడింది.

…ఎలా పడిందంటే, నేనే వేశా. పాస్‌వర్డ్ ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగాల్సిన రోజు వస్తుందని ఎవరనుకున్నారు? మీ అమ్మ పక్కన కూర్చుని సలహా చెప్పింది. ముందు నా పేరు కొట్టమంది. తప్పు. తన పేరు కొట్టమంది. తప్పు. నీ పేరు కొట్టమంది…

…ఉబ్బిపోకు. అదీ తప్పే.

మూడు తప్పులూ అయ్యాక అది మూతి బిగించుకుంది. ఇప్పుడు ఖాతాదారు మొహం చూపిస్తే గానీ తెరవనంటోంది.

…ఆ. ఆయన మొహం ఎక్కడినుంచి తేను? అందుకే నీకు చేశా.

…ఉండు, పూర్తిగా విను. కంపెనీకి చేయకుండా ఉంటానా? చేశా. ఎవరో చిన్నపిల్ల ఎత్తింది, మర్యాదగా మాట్లాడింది పాపం. ఖాతాదారుతో మాట్లాడాలమ్మా అంది. ఆయన మాట్లాడే స్థితిలో లేరండీ అన్నా.

…అందులో అబద్ధం ఏముంది? నువ్వే చెప్పు.

త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం అంది. సరే తల్లీ, చెప్తా అన్నా. ఇంకేమనను?

…చెప్పేద్దామనే అనుకున్నా. కానీ ముందు లోతు చూద్దామని, ఊరికే అడిగినట్టు అడిగా. మాటవరసకి ఎవరైనా పోతే, వాళ్ళు కొన్నవన్నీ ఇంట్లోవాళ్ళకి వస్తాయి కదమ్మా అని. రావండీ అంది. కొన్నవారికి వినే హక్కు మాత్రమే ఉంటుందట. వారు పోతే హక్కూ పోతుందట. ఖాతా మూసేస్తారట. ఆ మాట విన్నాక మీ అన్నయ్యని నేనెందుకు చంపుతాను? బతికే ఉన్నారు, కాస్త నలతగా ఉంది అని పెట్టేశా.

…నవ్వుతావేం? నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన కొన్న కుర్చీ ఉంది. కొన్న కత్తెరలున్నాయి. కొన్న చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి, వాటిని తీయడానికి నాకు చెయ్యి రావట్లేదు. కథలు మాత్రం ఆయన వెంట తీసుకెళ్ళిపోవాలట.

…మళ్ళీ కొనొచ్చు కదా అంటావు, తెలుసు. మిగతావన్నీ పోతే పోనీ అనుకుందును. ఒక్కటుంది, అది ఇప్పుడు అమ్మట్లేదు. అంగట్లోంచి తీసేశారట. పాతగా కొన్నవాళ్ళకి తప్ప కొత్తవాళ్ళకి దొరకదు. మీ అమ్మకి కావాల్సింది సరిగ్గా అదే.

…హత్య కథ. అవునయ్యా, హత్య. మీ అమ్మకి భక్తి కథలు పెడితే గురక పెడుతుంది. హత్య అయితే చెవి ట్యాబ్‌కి ఆనించి కూర్చుంటుంది. ఒక పెద్ద బంగళా, లోపల గడియ పెట్టిన గదిలో ఇంటి యజమాని చచ్చిపడి ఉంటాడు. వారానికి ఒక భాగం, మన సెలవు రోజు మధ్యాహ్నం. అంతకంటే ఎక్కువ వింటే రుచి పోతుందని మీ అమ్మ ఆర్డరు. తల్లీ కొడుకులిద్దరూ అద్దాల ముందు చెరో కుర్చీలో కూర్చుని వినేవాళ్ళు. చివరి భాగం ఒక్కటి మిగిలింది. ఆ వారం మధ్యలోనే ఆయన…

…ఊఁ.

…లేదు, చెప్తున్నా. ఏమీ లేదు.

అప్పట్నుంచీ ఒకటే పాట. హంతకుడెవడో తేలకుండా నేను పోను అంటుంది. నిజం చెప్పొద్దూ, అలాగైతే తాళం అలాగే ఉంచేద్దామా అని కూడా అనుకున్నా. ఎన్నాళ్ళు తెరవకపోతే అన్నాళ్ళు ఉంటుంది కదా మనిషి.

…కానీ ఆవిడ తిండి తగ్గించేసింది. మాట కూడా తగ్గించేసింది. టీ గురించి తప్ప మాట్లాడట్లేదు. అది చూడలేకే ఈ తిప్పలు.

ఇంకోటుంది. వాళ్ళిద్దరూ పందెం కట్టుకున్నారు. వంటవాడే చంపాడని మీ అమ్మ. కాదు, మేనకోడలని మీ అన్నయ్య. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళు చెప్పింది చెయ్యాలి. నేను పక్కనే ఉన్నా, సాక్షిని. మీ అన్నయ్య గెలిస్తే మీ అమ్మ నెల రోజులు టీకి వంక పెట్టకూడదు. మీ అమ్మ గెలిస్తే…

…మీ అమ్మ గెలిస్తే, మీ అన్నయ్య బస్సెక్కి నీ దగ్గరికి రావాలి.

…వింటున్నావా?

…అవును. నీ దగ్గరికే. నిన్ను వెంటబెట్టుకుని రావాలి. ఒప్పుకున్నాడు. చేతిలో చెయ్యి వేశాడు.

…నాకూ తెలియదు, అది తేలాలనేగా నీ మొహం అడుగుతోంది.

…ఏమిటీ, నేరమా? ఎవరి సొత్తు దొంగిలిస్తున్నామని? అన్న కొన్న కథ తల్లి వినడానికి తమ్ముడు మొహం చూపిస్తే నేరమైతే, నన్ను తీసుకెళ్ళి లోపల వెయ్యమను. అక్కడా నలుగురికి గడ్డాలు గీస్తూ కూర్చుంటా.

…మీరిద్దరూ అచ్చు గుద్దినట్టు ఉండేవాళ్ళు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నువ్వు నిక్కర్లలో ఉండేవాడివి, అప్పుడే అనేవాళ్ళు, పెద్ద సైజు ఒకటి, చిన్న సైజు ఒకటి అని. ఇప్పుడు సైజు కూడా ఒకటే.

సరే అన్నావు కదా?

…అనలేదా? అన్నట్టే వినిపించింది నాకు.

నీ ఫోన్‌కి ఒక లింకు పంపా. కంపెనీ వాళ్ళది. నొక్కు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, అద్దం దగ్గర అరమీద నిలబెట్టు. గుండ్రంగా ఒక గీత వస్తుంది, అందులో మొహం పెట్టాలి. ఫలితం నీకు కనపడదు, ఇక్కడ ట్యాబ్‌లో చెప్తుంది. మూడే అవకాశాలు.

…వచ్చిందా గీత? పెట్టు. కదలకు. కళ్ళు ఆర్పమంటే ఆర్పు.

…ఆగు, తిరుగుతోంది… తిరుగుతోంది…

ఊహుఁ. మొహం సరిపోలలేదు అంటోంది.

…ఎందుకు సరిపోలుతుంది? నీ గడ్డం అలాగే ఉంది కదూ? ఆయన్ని సాగనంపిన రోజున గుంపులో వెనకాల నిలబడ్డప్పుడు చూశాలే. నేను చూడలేదనుకున్నావు. తల్లికి కనపడకుండా వచ్చి, తల్లికి కనపడకుండా వెళ్ళిపోయావు. ఆవిడకి చూపు లేదని నీకు బాగా కలిసొచ్చింది.

…సంజాయిషీలు తర్వాత. గడ్డం తీసెయ్.

…తీసెయ్యమంటున్నా.

…ఎన్నేళ్ళు పెంచితే ఏం, కత్తికి లెక్కుంటుందా? వచ్చిన ప్రతివాడి గడ్డం తీస్తావు, నీదాకా వచ్చేసరికి ప్రాణం మీదికొచ్చిందా?

…మీ అమ్మ కోసం.

…ఆ, అది. మంచివాడివి. మీసం ముట్టుకోకు, ఆయనకి మీసం ఉండేది.

…ఏమిటా చప్పుడు? మిషనా? మళ్ళీ మిషనేనా? ఆ మిషను మూలానే కదా అంత గొడవ. చెప్పకుండా అన్న మూతి మీద మిషను పెట్టావు, మీసంలో ఒక పక్క ఎగిరిపోయింది, ఆయన నోరు జారాడు, నువ్వు మిషను నేలకేసి కొట్టి వెళ్ళిపోయావు. లోకంలో అన్నదమ్ములు పొలాల కోసం విడిపోతారు, ఇళ్ళ కోసం విడిపోతారు. మీరు సగం మీసం కోసం విడిపోయారు.

…సరే, పై పైన మిషనుతో తీసి, తర్వాత కత్తితో నున్నగా గీసుకో. నేను లైన్లోనే ఉంటా.

— అత్తయ్యా, చిన్నోడే. …ఆఁ, గడ్డం గీసుకుంటున్నాడు. …ఏమో, నున్నగానే గీస్తాడనుకుంటా, మీ పెంపకమేగా. —

…మీ అమ్మేలే. కళ్ళు పోయినా పాము చెవులు ఆవిడవి. నేను గొంతు తగ్గించి మాట్లాడుతున్నా, అయినా వినే ఉంటుంది.

…అయిందా?

…అయితే రా, గీతలో పెట్టు.

…అబ్బాయ్.

…ఊఁ. అద్దంలోనా.

…తెలుసు. అందుకే చెప్పా ఒకటే అచ్చు అని. …ఏడిస్తే ఏడువు, షట్టరు దించే ఉందిగా. నేనైతే ఇప్పుడు నీ అద్దం ముందు ఉండడానికి ఏమైనా ఇద్దును. నాకు ఆయన మొహం చూడాలనుంది. ఫొటోలో కాదు. కదిలే మొహం.

…సరే. సరేలే. మొహం కడుక్కుని రా, ఎర్రబడ్డ కళ్ళతో పెడితే అది మళ్ళీ కాదంటుంది.

…రెండోసారి. గీతలో పెట్టు. మామూలుగా చూడమంటుంది. మామూలుగా అంటే నీ మామూలు కాదు, ఆయన మామూలు. ఎవరైనా అడగకుండా ఆయన కత్తెర తీసుకుంటే ఎలా చూసేవాడు? అలా. …కనుబొమ్మ ఇంకాస్త. ఆ ముడి రావాలి.

…తిరుగుతోంది…

…

…ఆ? ఏమిటి? …ఉన్నా, ఉన్నా.

…లేదు. ఊహుఁ. సరిపోలలేదట.

…అదే కదా నేనూ అనుకుంటున్నా, ఎందుకు కాలేదా అని. …ఆగు. ఆగాగు. ఇప్పుడు గుర్తొచ్చింది. అయ్యో రాత.

…ఎలా చెప్పను? చెప్తే నన్ను తిడతావు. మొట్టమొదట ఈ ఖాతా తెరిచినప్పుడు మొహం చూపించమంది. అప్పుడు ట్యాబ్ పట్టుకున్నది నేనే. ఆ రోజుకి మీ అన్నయ్యకి… సగం మీసమే ఉంది.

…అవునయ్యా, నువ్వు వదిలేసి వెళ్ళిన సగమే.

…అదే రాత్రి తీసేసి ఉంటాడనుకున్నావా? ఇన్నాళ్ళూ అలా అనుకున్నావా నువ్వు?

…తీయలేదు. మీ నాన్నగారు పెట్టిన నియమం మర్చిపోయావా? ఒకరు మొదలుపెట్టిన మొహం ఇంకొకరు ముట్టకూడదు. సబ్బు రాసినవాడే కత్తి కడగాలి. మధ్యలో ప్రాణం మీదికొస్తే తప్ప చెయ్యి మారకూడదు. ఆ నియమం పట్టుకుని కూర్చున్నాడు. మొదలుపెట్టింది వాడు, వాడే వచ్చి పూర్తి చేస్తాడన్నాడు. నేను కత్తెర తీసుకుని దగ్గరికెళ్తే చెయ్యి విదిలించాడు.

…అలాగే తిరిగాడు. అలాగే షాపు తెరిచాడు. ఒక పక్క మీసం, ఒక పక్క నున్నగా, ఊళ్ళోవాళ్ళకి గడ్డాలు గీశాడు. ఎవరైనా నవ్వితే, ఇది కొత్త డిజైను, నీకూ చెయ్యనా అనేవాడు. రోడ్డు మీద ఎవరి అడుగు చప్పుడైనా గుమ్మం వైపు చూసేవాడు. నేను చూశాను కదా.

…చివరికా? చివరికి తీయనే లేదు. పోయిన సగం మెల్లగా పెరిగి పెరిగి రెండోదానికి సమానమైంది. అంతే. ఆ తర్వాత నీ పేరు ఎత్తలేదు.

…నీకెలా తెలుస్తుంది, ఎవరు చెప్తారు? ఆయన చెప్పడు. నన్ను చెప్పనివ్వడు. మీ అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా కస్టమర్ ఉన్నాడమ్మా అని పెట్టేస్తావు. ఎంత గిరాకీ అయ్యా నీ షాపుకి?

…సరే, ఊరుకో. ఇప్పుడు సంగతి అది. కంపెనీ వాళ్ళ దగ్గరున్నది సగం మీసం మొహం. ఒక్క అవకాశమే ఉంది.

…ఆ. అదే అడుగుతున్నా.

…కుడి పక్క. నువ్వే కదా తీసింది, మర్చిపోయావా?

…సాయంత్రం కస్టమర్లకి కొత్త డిజైనని చెప్పు. మీ ఇంటి వంశంలో ఉన్నదే.

…కత్తితో. నిదానంగా. ఫోన్ అరమీద ఉంచి, రెండు చేతులతో పని చేసుకో. తొందరేం లేదు, నిజంగా తొందరలేదు. బాగా నురగ పట్టించు. మూతి తెగిందంటే నాకు పాపం. అయ్యాక పిలువు.

…

…

…

…ఆ. ఉన్నా. ఉన్నా, ఎక్కడికి పోతా.

…గొంతుకేం కాలేదు. జలుబు.

…తీశావా? నిజంగా తీశావా సగం? ఒట్టు?

…మూడోసారి అక్కర్లేదు.

…అక్కర్లేదంటున్నా. రెండోసారికే తెరుచుకుంది నాయనా.

…

…తిట్టు. బాగా తిట్టు. అయిపోయాక చెప్పు, నేను ఇంకో మాట చెప్పాలి.

…అయిందా? ఇంకా ఉందా? …ఇది నీకు మీ అన్న నేర్పిన తిట్టే, గుర్తుపట్టా.

ఇప్పుడు విను. రెండోసారి నువ్వు ఆ కనుబొమ్మ ముడి వేయగానే టక్కున తెరుచుకుంది. అది కూడా ఆయనే అనుకుంది పాపం. తెరవగానే ఆ హత్య కథే ఎదురుగా వచ్చింది. భాగాలన్నీ వరసగా ఉన్నాయి, విన్న ప్రతిదాని పక్కనా ఒక టిక్కు, ఎప్పుడు విన్నారో తేదీ. చూస్తే, చివరి భాగానికీ టిక్కుంది.

…అదే మరి. మీ అమ్మ వినలేదు. నేను వినలేదు. ఇంకెవరు విన్నారు?

…ఆ. ఆయనే. ముందే వినేశాడు దొంగ. నేను ఆ తేదీ చూస్తూ ఉండిపోయా, నువ్వు ఏమైంది ఏమైంది అంటున్నావు. నాకు కాస్త టైము కావాలి, నిన్ను ఏదో ఒక పనిలో పెట్టాలి. సగం మీసం సంగతి నోటికొచ్చింది.

…లేదులే. ఊరికే నోటికి రాలేదు. ఆయన పడ్డది నువ్వూ కాస్త పడాలని నాకెప్పట్నుంచో ఉంది.

నువ్వు నురగ పట్టిస్తుంటే నేను పెరట్లో నిలబడి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఆ భాగం చివర్న కాసేపు విన్నా.

…వంటవాడు.

…అవును, వంటవాడే చంపాడు. మీ అమ్మే గెలిచింది.

…ఉండు, అది కాదు నేను చెప్పేది. తేదీ చూశానన్నానుగా. పందెం కట్టింది సెలవు రోజున. నేనే సాక్షినని చెప్పా. ఆయన ఈ భాగం విన్నది దానికి రెండు రోజుల ముందు.

…అర్థమైందా?

…మళ్ళీ చెప్తా. వంటవాడే చంపాడని తెలిశాకే మేనకోడలి మీద పందెం కట్టాడు.

…

…ఓడిపోవడానికే కట్టాడు అబ్బాయ్. నేరుగా బస్సెక్కడానికి మొహం చెల్లలేదు. అమ్మ పందెంలో గెలిచి పంపించింది, నాదేముంది అనుకుంటూ రావాలనుకున్నాడు. అలా నీ గుమ్మంలో నిలబడి, విసుక్కుంటూ, పందెం ఓడిపోయా, పద అనేవాడు. నాకు ఆ గొంతు వినిపిస్తోంది ఇప్పుడే.

…ఏడువు. నేనూ ఏడ్చాను ఇందాక. జలుబేం కాదు.

…

…ఇప్పుడేం చెయ్యాలా? అదీ అడగాలా? ఆయన ఎక్కాల్సిన బస్సు నువ్వెక్కు. ఎటు నుంచి ఎటైతేనేం, దారి ఒకటే.

…షాపు కోసం పిలవట్లేదు, ఆ భయమేం పెట్టుకోకు. నాకు చెయ్యి తిరిగింది. ఒక్క మధ్యాహ్నం కోసం రా. ఆ రెండో కుర్చీలో కూర్చుని మీ అమ్మతో ఆ భాగం విను. తేలిందని ఆవిడకి ఇంకా చెప్పలేదు. హంతకుడు తెలియనట్టే కూర్చోవాలి నువ్వు. అన్న తరఫున మేనకోడలి మీదే పందెం నిలబెట్టి, చక్కగా ఓడిపో.

…ఆగు. ఆగాగు. ఏమిటా చప్పుడు? ఏం చేస్తున్నావు?

…కత్తి కింద పెట్టు. రెండో పక్క ముట్టుకోకు.

…ముట్టుకోకూడదు. మొదలుపెట్టించింది నేను. నా మాట మీద నురగ పట్టించావు, నా మాట మీద కత్తి పెట్టావు. అంటే అది నేను మొదలుపెట్టిన మొహం. మీ నాన్నగారి నియమం ప్రకారం మిగతా సగం నా చేతే అవ్వాలి. ఇక్కడ, ఆయన కుర్చీలో.

…బస్సులో రుమాలు అడ్డం పెట్టుకో. పంటి నొప్పను. మీ అన్నయ్య ఏ రుమాలూ లేకుండా ఊరంతా తిరిగాడు, నువ్వు ఒక్క బస్సు తిరగలేవా?

…వచ్చాక మీ అమ్మ మొహమంతా తడిమి చూస్తుంది. కుడి వైపు నున్నగా, ఎడమ వైపు మీసం. అప్పుడు ఆవిడ ఏమంటుందో నాకు వినాలనుంది.

…సాయంత్రం బస్సా? సరే. అన్నం దాచి ఉంచుతా. టీ మాత్రం మీ అమ్మతో పడు. …ఊఁ. ఊఁ. ఉంటా మరి.

— అత్తయ్యా… పెట్టేస్తున్నాడు. వస్తాడట సాయంత్రం బస్సుకి. …ఆ, నిజంగానే. …ట్యాబా? తెరుచుకుంది. మొహం చూపించాడుగా. …లేదు, నేను వినలేదు. నాకేం తెలుసు హంతకుడెవరో. చిన్నోడు వచ్చాక అందరం కలిసి విందాం.

…ఏమిటి నవ్వుతున్నారు?

…ఏమిటీ?

…మీకు తెలుసా? పాస్‌వర్డ్ మీకు తెలుసా? …ఆయన మీ ఎదురుగానే పైకి చదువుకుంటూ కొట్టేవాడా? …ఏమిటది?

…సగం మీసం.

…సగం మీసమా పాస్‌వర్డ్?

…మరి నాచేత ఆ పేర్లన్నీ ఎందుకు కొట్టించారత్తయ్యా? తెలిసి తెలిసి మూడు తప్పులు… ఇన్నాళ్ళు ఆ కథ వినకుండా, తిండి మానేసి…

…ఆ. మూడు తప్పులు కొడితే మొహం అడుగుతుందని తెలుసు. ఒకసారి ఆయన తప్పు కొడితే అడిగింది కదా, అవును, విసుక్కున్నాడు. మీరు వింటున్నారు. మొహం అడిగితే ఈ ఇంట్లో ఇంకెవరి మొహం ఉంది… నేను ఎవరికి ఫోన్ చేస్తాను…

…అమ్మ పిలిస్తే రాడు, అన్న మొహం కోసమైతే వస్తాడనా? …మీరు మామూలు మనిషి కాదు. వంటవాడి సంగతి కూడా మీకు మొదట్నుంచీ తెలుసా—

ఏయ్. ఇదేమిటి, ఫోన్ ఇంకా వెలుగుతోంది? నువ్వింకా లైన్లోనే ఉన్నావా?

…అంతా విన్నావా?

…విన్నావుగా. మరి ఇంకా కూర్చున్నావేం? బస్సెక్కు.